పదిహేడేళ్ల అమ్మాయిని సైకియాట్రిస్టుకు చూపించాలా? ఇంట్లో ఒప్పుకోవడం లేదు

మేడమీద_మల్లెతీగ
మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ, హాస్టల్లో ఉండి చదువుతోంది. దసరా సెలవులకు ఇంటికి వచ్చి అయిదు రోజులైంది. నిన్న బట్టలు ఉతకడానికి తన సంచి ఖాళీ చేస్తుంటే రఫ్ నోట్సు బయటపడింది. చివరి పేజీలో లెక్కల మధ్య ఒక వాక్యం ఉంది, "నేను లేకపోతే నాన్నకు ఫీజు అప్పు ఉండదు" అని. చేతులు వణికాయి. నోట్సు మళ్లీ అక్కడే పెట్టేశాను.

పైకి మామూలుగానే ఉంది, తమ్ముడితో నవ్వుతోంది. కానీ అన్నం సగం వదిలేస్తోంది. రాత్రి రెండు గంటలకు లేచి చూస్తే మేలుకొనే ఉంటోంది. సైకియాట్రిస్టుకు చూపిద్దామంటే మావారు "ఎర్రగడ్డ ముద్ర పడితే రేపు సంబంధాలు ఎవరు ఇస్తారు" అంటున్నారు. మా అత్తగారు దిష్టి తీయిస్తే చాలంటున్నారు. మేం ఉండేది కూకట్‌పల్లిలో.

నాకు రెండు సంగతులు తెలియాలి. ఆ వాక్యం గురించి పిల్లను నేరుగా అడగవచ్చా, అడిగితే లేని ఆలోచన నేనే తెప్పించినట్టు అవుతుందా? రెండోది, సైకియాట్రిస్టు అసలు ఏం చేస్తారు? మాత్రలిచ్చి నిద్రపుచ్చుతారని చుట్టాలంతా చెబుతున్నారు.

చిక్కడపల్లి_చదువరి
అడగండి. ఈ రాత్రే అడగండి. ముందుగా 14416కు ఫోన్ చేయండి. టెలీమానస్ అంటారు, 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టనక్కర్లేదు. పిల్లే చేయాలని లేదు, తల్లిగా మీరు కూడా చేయవచ్చు.

నిజాంపేట్_నాన్న
అంత కంగారు అవసరమా? ఆ వయసులో అందరూ ఏదో ఒకటి రాసుకుంటారు. నేనూ రాశాను. నాలుగు రోజులు ఇంటి భోజనం తింటే సర్దుకుంటుంది.

అత్తాపూర్_అక్క
నాన్న గారూ, "సర్దుకుంటుంది" అనే మాట మా ఇంట్లోనూ అన్నాం, మా తమ్ముడి గురించి. ఇంతకంటే ఇక్కడ రాయలేను. మల్లెతీగ గారూ, అడగండి.

వార్డు_రౌండ్లు
నేను సైకియాట్రిస్టును. నగరంలోనే ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో పని చేస్తున్నాను, వచ్చేవాళ్లలో ఎక్కువమంది పదిహేను నుంచి ఇరవై అయిదేళ్ల లోపు వాళ్లు. పిల్లను చూడకుండా రోగం పేరు చెప్పను. అడగడం గురించి మాత్రం చెబుతాను.

నేరుగా అడిగితే లేని ఆలోచన పుట్టదు. మన ఇళ్లలో ప్రశ్న వేసే తీరే అసలు చిక్కు. "పిచ్చి ఆలోచనలేమీ లేవు కదా?" అంటాం. ఆ "కదా"లోనే జవాబు ఉంది. "లేవు" అనమని మనమే చెబుతున్నాం. పిల్ల మన భయం చూసి, మనల్ని కాపాడటానికి "లేవమ్మా" అంటుంది. ఇలా అడగండి: "నీ నోట్సులో ఆ వాక్యం చూశాను. చూసినందుకు కోప్పడకు. చచ్చిపోవాలని అనిపిస్తోందా తల్లీ?" ఆ తర్వాత మీరు మాట్లాడకండి. నిమిషం పట్టినా, పది నిమిషాలు పట్టినా ఎదురుచూడండి. ఏడిస్తే ఏడవనివ్వండి. ఒట్టు వేయించుకోకండి. ఒట్టు వేసిన పిల్ల మళ్లీ కష్టం వస్తే చెప్పడానికి సిగ్గుపడుతుంది.

"అవును" అంటే, ఎలాగో ఎప్పుడో కూడా ఆలోచించుకుందేమో మెల్లగా అడగండి. ఆలోచించుకుందని తెలిస్తే ఒంటరిగా వదలకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకురండి, అర్ధరాత్రి అయినా సరే. ఈలోగా ఇంట్లో పెద్దవాళ్ల మాత్రలు, పురుగుమందుల వంటివి ఉంటే తాళం వేసి, తాళంచెవి మీ దగ్గర పెట్టుకోండి.

పట్టిక_పిచ్చి
అడిగితే ప్రమాదం లేదని అందరూ చెబుతారు. ఆధారం ఏమిటి? ఎదురుతిరగడానికి కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడుగుతున్నాను.

వార్డు_రౌండ్లు
మంచి ప్రశ్న. న్యూయార్క్ రాష్ట్రంలో ఆరు హైస్కూళ్లలో 2,342 మంది పిల్లల మీద పరీక్షించారు, 2005లో ప్రచురించారు. సగం మందికి ఆత్మహత్య ఆలోచనల గురించిన ప్రశ్నలు ఉన్న పత్రం ఇచ్చారు, సగం మందికి అవి లేని పత్రం ఇచ్చారు. రెండు రోజుల తర్వాత చూస్తే, అడిగించుకున్నవాళ్లలో ఆ ఆలోచనలు పెరగలేదు. అప్పటికే కుంగిపోయి ఉన్న పిల్లలకైతే, అడిగాక కాస్త తేలిక పడినట్టు తేలింది.

పట్టిక_పిచ్చి
ఎవరికి ఏ పత్రమో చీట్లు తీసినట్టు తేల్చి చేసినదే కాబట్టి ఒప్పుకుంటాను.

హాస్టల్_రోజులు
పట్టిక గారు ఒప్పుకున్నారంటే ఈ వేదికలో అది పండగ రోజే :)

మల్లెతీగ గారూ, మీ అమ్మాయి నవ్వుతోంది కాబట్టి బాగానే ఉందనుకోవద్దు. హాస్టల్లో మేం నవ్వడం బాగా నేర్చుకుంటాం. నాలుగు నెలలు నిద్ర లేకుండా గడిపి, ప్రతి ఆదివారం ఇంటికి ఫోన్ చేసి "అంతా బాగుంది" అన్నాను. వెనక వరుసలో ఇంకో పదిమంది ఫోన్ కోసం నిలబడి ఉంటే ఏం చెప్పగలం?

లెక్కల_మాస్టారు
పద్దెనిమిదేళ్లుగా ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. నా అభిప్రాయం కొందరికి నచ్చకపోవచ్చు. పిల్లను సైకియాట్రిస్టు దగ్గర కూర్చోబెట్టి, ఆమెను కుంగదీసిన చోటికే మళ్లీ పంపితే ఏం లాభం? ఉదయం అయిదున్నరకు లేపుతారు, రాత్రి పదిన్నర వరకు స్టడీ అవర్. వారం వారం పరీక్ష, మార్కులను బట్టి సెక్షను మార్పు. పై సెక్షను నుంచి కిందికి దించిన రోజు పిల్లల ముఖం మీరు చూడాలి. పుస్తకాలు చంకలో పెట్టుకుని వరండా దాటుతుంటే మిగతా క్లాసు కిటికీల్లోంచి చూస్తుంది. జబ్బు ఆ వరండాలో ఉంటే మందు పిల్లకు వేస్తామా?

చిక్కడపల్లి_చదువరి
మాస్టారూ, రెండూ కావాలి. వరండా మారేదాకా పిల్ల ఆగలేదు.

నా సంగతి చెబుతాను. నీట్ రెండోసారి పోయాక ఆరు నెలలు గది దాటలేదు. మా బాబాయి బలవంతం మీద వెళ్లాను. మొదటి రోజు ఆ డాక్టరు గారు మార్కుల గురించి ఒక్క మాట అడగలేదు. "పొద్దున్న లేవగానే మొదట ఏం అనిపిస్తుంది" అని అడిగారు. అప్పటిదాకా నన్ను ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. ఏడాదిన్నర చికిత్స జరిగింది. ఇప్పుడు సిటీ సెంట్రల్ లైబ్రరీలో గ్రూప్స్‌కు చదువుతున్నాను. పక్క కుర్చీ వాళ్లెవరికీ నా ముఖం మీద ముద్ర కనిపించలేదు.

నిజాంపేట్_నాన్న
నీకు మేలు జరిగినందుకు సంతోషం బాబూ. కానీ ఆ మాత్రలు పిల్లల్లో ఆత్మహత్య ఆలోచనలను పెంచుతాయని అమెరికాలోనే హెచ్చరిక ఉంది కదా. దానికి ఎవరూ జవాబు చెప్పరు.

వార్డు_రౌండ్లు
చెబుతాను. హెచ్చరిక నిజమే. కుంగుబాటు మందుల మీద అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2004లో పెట్టింది, 2007లో ఇరవై నాలుగేళ్ల వయసు వరకు పొడిగించింది. పిల్లల మీద జరిగిన పరీక్షలన్నీ కలిపి చూస్తే, మందు వాడినవాళ్లలో నూటికి నలుగురిలో, మందు లేని ఉత్తి బిళ్లలు వాడినవాళ్లలో నూటికి ఇద్దరిలో ఆత్మహత్య ఆలోచనలో ప్రయత్నమో కనిపించింది. ఆ పరీక్షల్లో ఎవరూ చనిపోలేదు. అందుకే పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లకు మందు మొదలుపెడితే తొలి వారాల్లో వారం వారం రమ్మంటాను. తల్లిదండ్రులకు కూడా ఏం గమనించాలో చెబుతాను: అకస్మాత్తుగా చిరాకు, కాలు ఒకచోట నిలవకపోవడం, నిద్ర ఇంకా చెడిపోవడం. చీటీ రాసిచ్చి మూడు నెలల తర్వాత రమ్మనే వైద్యం ఈ వయసులో తప్పు. మీ భయం న్యాయమైనది. దానికి విరుగుడు పిల్లను దగ్గరుండి చూసుకోవడం. వైద్యం మానేస్తే ఆ భయం తీరదు.

ఇంకొకటి, నా దగ్గరకు వచ్చే పిల్లల్లో చాలామందికి మొదటి రోజు మందు రాయను. కొందరికి అసలు రాయను.

మేడమీద_మల్లెతీగ
అందరివీ చదువుతున్నాను. 14416కు చేశాను. ఒకావిడ ఇరవై నిమిషాలు మాట్లాడారు, రేపు మళ్లీ తామే ఫోన్ చేస్తామన్నారు. ఇప్పుడు అమ్మాయిని మేడ మీదికి తీసుకెళ్తున్నాను. మావారికి చెప్పలేదు.

అత్తాపూర్_అక్క
వెళ్లండి. మేం ఇక్కడే ఉంటాం.

పట్టిక_పిచ్చి
ఆవిడ వచ్చేదాకా ఒక మాట. ఎన్‌సీఆర్‌బీ (నేరాలు, ఆత్మహత్యల లెక్కలు తీసే కేంద్ర సంస్థ) లెక్కల్లో 2022లో దేశంలో ఆత్మహత్యలతో చనిపోయినవాళ్లు 1,70,924 మంది, అందులో విద్యార్థులు 13,044 మంది. అదీ పోలీసు స్టేషను దాకా వెళ్లి నమోదైనవే. పరీక్షా ఫలితాల వారంలో పేపర్లలో వచ్చేవి తప్ప మిగతావి మనకు కనిపించవు.

లెక్కల_మాస్టారు
2019 ఏప్రిల్ నేను మర్చిపోలేను. ఇంటర్ ఫలితాల్లో తప్పులు దొర్లాయి, తెలుగులో 99 రావాల్సిన అమ్మాయికి సున్నా వేశారు. ఆ కొద్ది రోజుల్లోనే రాష్ట్రంలో ఇరవై మందికి పైగా పిల్లలు పోయారు. ఆ తర్వాత తప్పినవాళ్లందరి పేపర్లూ ఉచితంగా మళ్లీ చూశారు. ఆ పని ముందే జరగాల్సింది.

వార్డు_రౌండ్లు
మాస్టారు చెప్పిన వరండా మాటకు వస్తాను. మా వృత్తిలో దాన్ని పట్టించుకున్నవాళ్లు ఉన్నారు. చెన్నైలో సైకియాట్రిస్టు లక్ష్మీ విజయకుమార్ 1986లో స్నేహ అనే సంస్థను స్థాపించారు. తప్పిన పిల్లలు ఏడాది వృథా కాకుండా నెల రోజుల్లోనే మళ్లీ పరీక్ష రాసే వీలు ఉండాలని ఆమె పట్టుబట్టారు, తమిళనాడులో అది వచ్చింది. ఒక డాక్టరు గదిలో కూర్చుని చూడగలిగే పిల్లలు రోజుకు పాతిక మంది. పరీక్షల కాలపట్టిక ఒక్కటి మారితే లక్షల మందికి మార్గం దొరుకుతుంది.

ఆమె పనిచేసిన ఇంకో పరిశోధన నాకు ప్రాణం. ఆత్మహత్యాయత్నం చేసి బతికి అత్యవసర విభాగానికి వచ్చిన 1,867 మందిని అయిదు దేశాల్లో ఎంచుకున్నారు, మన దేశం నుంచి చెన్నై. సగం మందికి మామూలు వైద్యం. మిగతా సగం మందికి దానితో పాటు ఒక గంట కూర్చుని మాట్లాడటం, తర్వాత పద్దెనిమిది నెలల్లో తొమ్మిదిసార్లు ఫోన్ చేసో ఇంటికి వెళ్లో పలకరించడం. అంతే. 2008లో ఫలితం వచ్చింది: మామూలు వైద్యం పొందినవాళ్లలో ఆత్మహత్యతో పోయినవాళ్లు 2.2 శాతం, పలకరించినవాళ్లలో 0.2 శాతం. యంత్రం లేదు, ఖరీదైన మందు లేదు. "ఎలా ఉన్నావు, మందు అయిపోయిందా, మళ్లీ ఎప్పుడు వస్తావు" అనే మాటలు.

మా ఆసుపత్రిలో ఆ తొమ్మిది పలకరింపులు నేను చేయాలని చూస్తాను. ఫోన్ నంబరు మారిపోతుంది, ఊరు వెళ్లిపోతారు, ఇంట్లోవాళ్లు "ఇంకెప్పుడూ చేయకండి, పక్కింటివాళ్లు వింటారు" అంటారు. అయినా చేస్తాను. మొన్న ఏడోసారి చేసినప్పుడు ఒక కుర్రాడు "మీరు ఈ వారం చేస్తారని తెలుసు సార్" అన్నాడు. ఆ మాట కోసం ఎన్ని ఫోన్లయినా చేయవచ్చు.

పట్టిక_పిచ్చి
2.2 నుంచి 0.2 అంటే పదకొండు రెట్ల తేడా. కానీ రెండు గుంపుల్లోనూ చనిపోయినవాళ్లు తక్కువ, మధ్యలో దొరకకుండా పోయినవాళ్లు కూడా ఉన్నారు. అంత తేడా మళ్లీ మళ్లీ వస్తుందని నేను పందెం కాయను.

వార్డు_రౌండ్లు
పందెం కాయవద్దు. అమెరికాలో జెరోమ్ మోట్టో అనే సైకియాట్రిస్టు, వైద్యానికి మళ్లీ రామన్న 843 మందిలో సగం మందికి అయిదేళ్ల పాటు చిన్న చిన్న ఉత్తరాలు రాయించారు. ఏమీ అడగని ఉత్తరాలు, క్షేమంగా ఉన్నారనుకుంటున్నామని రెండు ముక్కలు. తొలి రెండేళ్లలో ఉత్తరాలు అందినవాళ్లలో మరణాలు స్పష్టంగా తగ్గాయి. తర్వాత తగ్గుదల పలచబడింది. వేరేచోట్ల చేసినవాటిలో అన్నిటికీ ఇంత మంచి ఫలితం రాలేదు. కానీ పలకరింపు వల్ల చెడు జరిగినట్టు నాకు కనిపించలేదు, ఖర్చు ఫోన్ బిల్లు. అనుమానం మిగిలి ఉందని ఆపేయాలా? నేను ఆపను.

హాస్టల్_రోజులు
కాలేజీల్లో చేయగలిగింది ఏదైనా రుజువైందా? మా దగ్గర ఏడాదికోసారి ప్రేరణ ప్రసంగం పెట్టి "ధైర్యంగా ఉండండి" అని పంపేస్తారు.

వార్డు_రౌండ్లు
ఉంది. స్వీడన్ సైకియాట్రిస్టు దానూటా వాసర్‌మన్ ఆధ్వర్యంలో ఐరోపాలోని పది దేశాల్లో 168 బడుల్లో 11,110 మంది పిల్లలతో చేశారు, 2015లో ప్రచురించారు. మూడు పద్ధతులు పోల్చారు: ఉపాధ్యాయులకు శిక్షణ, ప్రశ్నపత్రంతో పిల్లలను వడపోసి డాక్టరుకు పంపడం, పిల్లలే చిన్న నాటకాలు వేసుకుంటూ తమ కష్టాలు మాట్లాడుకునే అయిదు గంటల కార్యక్రమం. ఏడాది తర్వాత మూడోది ఒక్కటే గట్టిగా నిలిచింది. దాంట్లో ఉన్న పిల్లల్లో ఆత్మహత్యాయత్నాలు 0.70 శాతం, ఏ కార్యక్రమమూ లేనివాళ్లలో 1.51 శాతం. మన దేశంలో ఇదే పద్ధతిని గుజరాత్ మెహ్‌సానా జిల్లా బడుల్లో ప్రయత్నించారు.

లెక్కల_మాస్టారు
ఉపాధ్యాయుల శిక్షణ పని చేయలేదన్నమాట. బాధగా ఉంది కానీ ఆశ్చర్యం లేదు. పిల్లలు మాకు చెప్పరు. పక్క బెంచీవాడికి చెబుతారు. ఆ అయిదు గంటలు నా సిలబస్‌లోంచి తీసుకోమని ప్రిన్సిపాల్‌ను అడుగుతాను.

బషీర్‌బాగ్_వకీలు
చట్టం వైపు నుంచి రెండు మాటలు, మల్లెతీగ గారి భర్త కోసం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. 115వ సెక్షను ప్రకారం ఆత్మహత్యాయత్నం చేసిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. 23వ సెక్షను రోగి వివరాలను గోప్యంగా ఉంచమంటుంది. సంబంధం చూడటానికి వచ్చినవాళ్లు ఆసుపత్రికి వెళ్లి అడిగితే చెప్పే వీలు లేదు. ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత శిక్షాస్మృతిలోని 309వ సెక్షను కూడా 2024 జూలై 1న కొత్త చట్టం రావడంతో పోయింది.

ఇక మాస్టారు చెప్పిన క్లాసు సెక్షన్ల సంగతి. 2025 జూలైలో సుప్రీంకోర్టు, విశాఖపట్నంలో నీట్‌కు చదువుతూ చనిపోయిన అమ్మాయి కేసులో దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, అంతకు మించి విద్యార్థులు ఉన్న సంస్థలో కనీసం ఒక అర్హతగల కౌన్సెలర్ ఉండాలి. మార్కులను బట్టి బ్యాచులు విడదీయడం, నలుగురిలో అవమానించడం వీలైనంతవరకు మానుకోవాలి. చాలా కాలేజీల గోడల మీద ఇది కనిపించదు. కనిపించేలా తల్లిదండ్రులు అడగాలి.

నిజాంపేట్_నాన్న
మావాడి కాలేజీలో కౌన్సెలర్ అంటే అడ్మిషన్లు చూసే ఆయన. రేపు వెళ్లి అడుగుతాను. పైన నేను రాసిన మొదటి మాట వెనక్కి తీసుకుంటున్నాను.

మేడమీద_మల్లెతీగ
రాత్రి రాయలేకపోయాను, క్షమించండి.

డాక్టరు గారు చెప్పినట్టే, "కదా" లేకుండా అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఎప్పుడు చూశావు" అంది. ఆ తర్వాత ఒళ్లో తల పెట్టి ఏడ్చింది, చిన్నప్పుడు ఏడ్చినట్టు. ఆగస్టులో కింది సెక్షనుకు మార్చారట. మాకు చెప్పలేదు. ఎలా అన్నది ఆలోచించలేదు, కానీ లేకుండా పోతే బాగుండునని రోజూ అనిపిస్తోందంది. మావారు మెట్ల మీద నిలబడి విన్నారట, నాకు తెలియదు. పొద్దున్నే ఆయనే ఆటో పిలిచారు.

చిక్కడపల్లి_చదువరి
అమ్మా, ఇది చదివి కళ్లలో నీళ్లు వచ్చాయి. డాక్టరు గారు ఏమన్నారు?

మేడమీద_మల్లెతీగ
ముందు మమ్మల్ని బయట కూర్చోబెట్టి పిల్లతో ఒక్కదానితోనే మాట్లాడారు, నలభై నిమిషాలు. ప్రాణానికి ప్రమాదం అనిపిస్తే తప్ప ఏదీ మాకు చెప్పనని పిల్లకు మాట ఇచ్చారట, ఆ మాట మా ముందు కూడా చెప్పారు. ఇప్పుడే మందు రాయలేదు, వారంలో మళ్లీ రమ్మన్నారు. నిద్ర వేళలు రాయమన్నారు. ఇద్దరూ కలిసి ఒక కాగితం రాశారు. ఆ ఆలోచన వచ్చే ముందు ఎలా ఉంటుంది, అప్పుడు తను ఏం చేయాలి, ఎవరికి ఫోన్ చేయాలి, చివర్లో 14416. ఫోన్ చేయవలసిన మూడు పేర్లు తననే రాయమన్నారు. నా పేరు, స్నేహితురాలి పేరు, మూడోది నాయనమ్మ.

మా అత్తగారికి టచ్ ఫోన్‌లో కాల్ ఎత్తడం రాదు. సాయంత్రం నుంచి మనవరాలు పక్కన కూర్చుని ఆకుపచ్చ గుండ్రాన్ని పక్కకు జరపడం నేర్పుతోంది. పదిసార్లు చేసుకున్నారు. బీపీ మాత్రల డబ్బా ఆవిడే తెచ్చి నా చేతికి ఇచ్చారు.

అత్తాపూర్_అక్క
దిష్టి కూడా తీయమనండి. మనవరాలి కోసం ఆవిడ చేయగలిగింది ఆవిడను చేయనివ్వండి.

వార్డు_రౌండ్లు
చాలా మంచి పని చేశారు. వారం తర్వాత తేలికగా కనిపిస్తే రెండోసారి వెళ్లడం మానవద్దు. నా ఓపీలో ఎక్కువమంది తప్పిపోయేది అక్కడే. ఎల్లుండి నేనూ ఇక్కడ అడుగుతాను, విసుక్కోకండి.

మేడమీద_మల్లెతీగ
అడగండి సార్. ఇంకొక సంగతి. హాస్టల్ నుంచి తీసేసి ఇంటి నుంచి పంపుతామంటే, కట్టిన హాస్టల్ ఫీజు వెనక్కి రాదు, మిగిలిన వాయిదా కట్టకపోతే హాల్ టికెట్ ఆపుతామని కాలేజీవాళ్లు అన్నారు. వకీలు గారూ, అలా ఆపవచ్చా?

బషీర్‌బాగ్_వకీలు
ఫీజు బాకీకి హాల్ టికెట్‌ను తాకట్టు పెట్టుకుంటామంటే ఊరుకోకండి. ఏమన్నారో కాగితం మీద రాసి ఇవ్వమనండి, చాలాచోట్ల అక్కడితోనే వెనక్కి తగ్గుతారు. రసీదులు, చేరినప్పుడు సంతకం పెట్టిన పత్రం, డాక్టరు చీటీ తీసి పెట్టండి. డాక్టరు చీటీ కాలేజీకి మాత్రం ఇప్పుడే చూపించకండి. సోమవారం పదకొండు గంటలకు కాలేజీకి నేనూ వస్తాను.

లెక్కల_మాస్టారు
నేనూ వస్తాను. వచ్చేటప్పుడు అమ్మాయి ఏ అధ్యాయంలో ఆగిందో అడిగి రండి. ఆదివారాలు మీ ఇంటికి వచ్చి చెబుతాను.